ఉమ్ సలాల్‌లో మంచు కబుర్లు

మొన్న ఇక్కడ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో నేను వంట చేసే ఇంట్లో, పిల్లలకు సెలవులు వస్తున్నాయి, కశ్మీరు తీసుకెళ్ళి మంచులో జారే ఆట ఆడిద్దామని ఆ ఇంటి ఇల్లాలు ఫోను ముందేసుకుని కూర్చుంది. కొండపైన ఇంత మంచు, కింద ఇంత మంచు అని రెండు అంకెలు ఎందుకిచ్చారో వాళ్ళాయనను అడిగితే ఆయనా తెలియదన్నాడు. తాలింపు వేస్తూ నేను విన్నాను. నాకు తెలుసు. చెప్పాలనిపించలేదు, చెప్పకూడదనీ అనిపించలేదు. ఆవాలు చిటపటమన్నాక పప్పులో పోసి మూత పెట్టేశాను.

నాలాగే పడుచుతనంలో ఇంటిపనికని కడప జిల్లా వదిలి వచ్చి, అరబ్బుల ఇళ్ళలో ఖద్దామా, అంటే పనిమనిషి, అని పిలిపించుకుంటూ జుట్టు నెరిసిపోయిన ఆడవాళ్ళకు నేను చెప్పబోయేది కొత్తగా తోచదు. మన బిడ్డను ఊళ్ళో అక్కచెల్లెళ్ళ చేతిలో పెట్టి ఇక్కడికొచ్చి ఇంకొకరి బిడ్డను ఎత్తుకున్నవాళ్ళమే కదా అందరమూ. నేను చేరిన ఇల్లు ఉమ్ సలాల్ అనే ఊళ్ళో, ఖర్జూరపు తోట పక్కన. అప్పటికి ఆ ఇంటి పాప పాకుతూ ఉండేది, ఊళ్ళో నా కూతురూ అదే ఈడు. పాప నన్ను నానీ అనేది. జ్వరమొస్తే నా పక్కలోనే పడుకునేది, పెరిగి పెద్దదయ్యాక కూడా తల దువ్వమని దువ్వెన పట్టుకుని వంటగదిలోకి వచ్చేది.

ఆ పిల్ల పై చదువుకు ఐరోపా వెళ్ళి, అక్కడ స్నేహితురాళ్ళతో కలిసి కాళ్ళకు చెక్కలు కట్టుకుని మంచుకొండల మీద జారడం నేర్చుకుంది. ఇంట్లో పెద్దావిడకు, అంటే పాప నాయనమ్మకు, అది బొత్తిగా నచ్చలేదు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇసుకలో, మంచంటే గ్లాసులో వేసుకునే ఐసు ముక్కలే ఆవిడకు. చివరికి మనవరాలు కొండెక్కే రోజుల్లో పొద్దున్నే అక్కడి వాతావరణం తనకు చెప్పాలని ఒప్పందం చేసుకుంది. ఆవిడకు చూపు ఆనదు కాబట్టి ఫోనులో చూసి చదివే పని నాకు పడింది.

ఒక వేసవి సెలవుల్లో, బయట గాలి పొయ్యిసెగలా కొడుతుంటే, పాప వంటగది గట్టు మీద కూర్చుని నాకు ఆ చదువు చెప్పింది. కొండ కొమ్మున మంచు లోతు వేరు, అడుగున వేరు, రెంటినీ ఒకటనుకోకూడదు. ఎంత ఎత్తులో చలి సున్నాకు దిగుతుందో ఒక గీత ఉంటుంది, దానికి పైన మంచు, కింద వాన. కొత్త మంచు ఎక్కువ పడితే జారేవాళ్ళకు పండగే కాని, గాలి దాన్ని ఒక పక్కకు పోగేస్తే అది పాతమంచుకు అతుక్కోక ఒక్కసారిగా ఊడిపడుతుందట. పాతగోడకు మెత్తిన కొత్తమట్టి పెళ్ళగా జారిపోవడం ఊళ్ళో మా ఇంట్లో ఎన్నోసార్లు చూసిందే, ఆ మాట వెంటనే అర్థమైంది. మంచుచరియల ప్రమాదానికి ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు, మూడు దాటితే భయపడాలి.

అలా రెండు చలికాలాలు గడిచాయి. పొద్దున చాయ్ అయ్యాక పెద్దావిడ, "యల్లా, మంచు చదువు," అనేది, యల్లా అంటే ఇక కానియ్యమని. నేను అంకెలు చదివి, పాప ఫోనులో పంపిన మాట కూడా వినిపించేదాన్ని, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

మూడో చలికాలంలో ఒకరోజు ప్రమాదం నాలుగు చూపించింది. ఈరోజు పైకి వెళ్ళం నానీ, కిందే ఉంటాం, నాయనమ్మకు చెప్పు అని పాప గొంతు వచ్చింది. చెప్పాను. వాళ్ళు నిజంగానే పైకి వెళ్ళలేదు. కింద చెట్ల పక్కన దారిలో నడుస్తుంటే పైనున్న చరియే విరిగి వాళ్ళ మీదికి వచ్చింది.

ఆ కబురు నాకు చెప్పింది ఆ ఇంటి డ్రైవరు, మా రాయచోటి వైపు మనిషే. వంటగది గడప దగ్గర నిలబడి, "అక్కా, పాప మంచు కింద పడిపోయిందంట. కూడా ఉన్న పిల్లోళ్ళు బయటికొచ్చినారంట. పాప ఇంక లేదంట," అన్నాడు. నేను పిండి కలుపుతున్నాను. కలపడం ఆపలేదు. ఇంటాయన, అంటే పాప నాన్న, కొడుకులతో ఆ సాయంత్రమే విమానమెక్కుతూ, పాపను తీసుకొచ్చేదాకా పెద్దావిడకు చెప్పొద్దని మా అందరినీ కోరాడు. మంచువల్ల అక్కడ ఫోన్లు పనిచేయడం లేదని చెప్పమన్నాడు.

మర్నాడు పొద్దున పెద్దావిడ ఎప్పటిలాగే చదవమంది. చదివాను. కొత్త మంచు, ఈదురుగాలి, ప్రమాదం ఇంకా నాలుగే. పాప ఇంకా దొరకలేదని, వెతికేవాళ్ళు ఆ వాలు ఎక్కలేకపోతున్నారని, హెలికాప్టరు లేవడం లేదని డ్రైవరు చెబుతుండేవాడు. రోజూ పొద్దున అదే కుర్చీ, అదే చాయ్, నేను చదవడం, ఆవిడ తల ఊపడం. నాకు ఏడుపు రాలేదు. చేతులు వాటంతటవే పని చేసుకుపోతుంటే, లోపల ఏదో పేరుకుని గట్టిపడిపోయినట్టుండేది.

చివరికి ఒకరోజు ఆకాశం తేటపడిందని, గాలి లేదని, ప్రమాదం రెండుకు దిగిందని చదివాను. పెద్దావిడ గ్లాసు కింద పెట్టి, "అయితే ఇవాళ నా బిడ్డను బయటికి తీస్తారు," అంది.

నేను ఫోను పక్కన పెట్టాను. ఆవిడే, "ఇదివరకు అంకెలతో పాటు దాని మాట కూడా వినిపించేదానివి. ఈ మధ్య వట్టి అంకెలే చదువుతున్నావు. మొదటి రోజే తెలిసింది," అని నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరికీ కన్నీళ్ళు రాలేదు. బయట తోటలో ఎవరో నీళ్ళు పెడుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

ఆరోజే పాప దొరికింది. ఇక్కడికే తెచ్చి ఇక్కడి ఇసుకలోనే పూడ్చారు. ఊరి నుంచి నా కూతురు ఫోను చేసి, నా గొంతు విని, "ఎవురి బిడ్డ కోసమో ఇట్లయిపోయినావేంది మా? నాకు జొరమొస్తే ఎప్పుడన్నా పక్కన కూచున్యావా?" అంది. అన్నం తిన్నావా అని అడిగాను.

తరువాతి ఏడాది పెద్దావిడ కూడా పోయింది, నేను ఆ ఇల్లు విడిచాను. ఉమ్ సలాల్ ఇప్పుడు గుర్తుపట్టలేనంతగా మారిందంటారు, నేను మళ్ళీ వెళ్ళలేదు. వానరాకడ ప్రాణంపోకడ ఎవరికీ తెలియవని మా పెద్దలనేవారు. వాన సంగతి ఇప్పుడు చేతిలోని ఫోనే చెప్పేస్తోంది, ఏ దేశంలో ఏ కొండ మీదిదైనా సరే. నా కూతురూ రోజూ వీడియోలో కనిపిస్తుంది, దాని బిడ్డను ఎత్తి చూపిస్తుంది, ఆ పసిది తెర మీద అరచెయ్యి ఆనిస్తే నేనూ ఇవతల నుంచి వేలు ఆనిస్తాను. వెనకటికి ఉత్తరం అందిన రోజున గుండె దడదడలాడేది. ఇప్పుడు వేలికి తగిలేది చల్లటి అద్దం. కాసేపు అలాగే ఉంచి, పనికి వేళయిందని పెట్టేస్తాను.