మడుగు దగ్గర మా మేనత్త చేసిన గోల

నా చిన్నప్పుడు పాపికొండలు ఇప్పటిలా టికెట్టు కొనుక్కుని చూసొచ్చే చోటు కాదు. మా లంక ఊళ్ళ వాళ్ళకి అడవి అంటే గోదావరి ఎగువ నుంచి తెప్పలు కట్టి దింపే వెదుళ్ళు, వరదల్లో దుంగలకి చుట్టుకుని వచ్చే పాములు, అంతే. ఊరి చుట్టూ ఎటు చూసినా చదునే. కొండ ఎలా ఉంటుందో నేను వాచకంలో బొమ్మ చూసి ఊహించుకున్నదే.

మా బాబాయి ఆ కొండల్లో వెదురు నరికించే కాంట్రాక్టు చేసేవాడు. ఒక వేసవి సెలవుల్లో ఆయన దగ్గర నుంచి కబురొచ్చింది. పట్నం నుంచి ఒక పెద్దమనిషి వేటకి వస్తున్నాడని, నాలుగు రకాలు వండిపెట్టే మనిషి కావాలని. ఇంట్లో వాళ్ళు మా మేనత్తని పంపారు. ఆవిడ మా నాన్నకి చెల్లెలు, బాబాయికి అక్క. అత్తవారింట్లో పడలేక, ఎవరూ వచ్చి తీసుకువెళ్ళకుండానే తనంతట తాను తిరిగొచ్చేసిన మనిషి. ఆ రోజుల్లో అలా వచ్చేసిన ఆడదానికి పుట్టింట్లో చోటు ఉండేది గాని మాట ఉండేది కాదు. పొద్దున లేచింది మొదలు వంటింట్లోనే ఉండేది. నేను ఆవిడ కొంగు వదిలేదాన్ని కాదు కాబట్టి నన్నూ వెంట పంపారు.

రాజమండ్రి రేవులో లాంచీ ఎక్కాం. మా ఊరి దగ్గర అవతలి గట్టు కనపడనంత వెడల్పుండే గోదావరి, పైకి వెళ్ళే కొద్దీ సన్నబడుతూ వచ్చింది. రెండు వైపులా కొండలు దగ్గరికి జరిగి, ముందు ఇంక దారి లేదేమో అనిపించాక, లాంచీ పక్కకి తిరగగానే మళ్ళీ నీళ్ళు కనిపించేవి. ఆ నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నట్టుండేవి. ఎండిన వెదురు పొదల మధ్య మద్దిచెట్లు తెల్లటి మొదళ్ళతో నిలబడి ఉన్నాయి. ఒక కొమ్మ మీద నుంచి పిల్లి అంత ఉడుత ఒకటి, ఎర్రటి వీపుతో, తనకన్నా పొడుగైన తోకతో, ఇంకో చెట్టు మీదికి ఎగిరింది. నేను కేక పెట్టబోయి నోరు మూసుకున్నాను. అత్త మాత్రం "అబ్బ, చూశావే!" అని పైకే అంది. ఇంట్లో ఆవిడ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

బాబాయి మకాం ఒక వాగు వచ్చి గోదావరిలో కలిసే చోట ఉండేది. తడికెలతో కట్టిన పాకలు, ముందు ఇసుక తిన్నె. పెద్దమనిషి అప్పటికే వచ్చి, మడత కుర్చీలో కూర్చుని తుపాకీ తుడుచుకుంటున్నాడు. అప్పట్లో వేటకి లైసెన్సులు ఉండేవి. ఆయన మాట సాయం ఉంటేనే మరుసటి ఏడు కాంట్రాక్టు బాబాయికి దక్కుతుందట. అందుకని బాబాయి ఆయన ముందు కూర్చోవడం కూడా మానేశాడు.

ఆ మర్నాడు విస్తళ్ళు కుట్టడానికి అడ్డాకులు కోసుకొద్దామని అత్తా నేనూ వాగు వెంబడి పైకి నడిచాం. ఒక మలుపు తిరిగేసరికి రాళ్ళ మధ్య పెద్ద మడుగు. అత్త నా భుజం నొక్కి అక్కడే కూర్చోబెట్టింది. అవతలి ఒడ్డున అడవిదున్నల మంద నీళ్ళు తాగుతోంది. నల్లటి ఒళ్ళు, మోకాళ్ళ దాకా తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టుండే కాళ్ళు. అన్నిటికన్నా పెద్దది ఒకటి మూపురం ఎత్తుకుని పక్కగా నిలబడి కాపలా కాస్తోంది. వాటి కాళ్ళ మధ్యన ఒక దూడ, ఇంకా నల్లబడలేదు, పండిన వరి రంగులో ఉంది. నీళ్ళలో మూతి పెట్టి, ఉలిక్కిపడి, తల్లి పొట్ట కిందకి దూరిపోయేది. మళ్ళీ వచ్చేది. అత్త ఊపిరి బిగబట్టి చూస్తూనే ఉంది. అవి అడవిలోకి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు లేవలేదు. ఆకుల సంగతి ఇద్దరం మర్చిపోయాం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దమనిషి చెప్పాడు, ఆ మడుగు పక్కన చెట్టు మీద మంచె కట్టించానని, తెల్లవారుజామునే వెళ్ళి కూర్చుంటానని. ఆ పెద్ద మగదాని తల తన ఇంట్లో హాలు గోడకి బిగించుకోవాలని ఆయన కోరిక. అత్త పులుసు వడ్డిస్తూ ఆగింది.

"మందలో పసిదూడ ఉందండి. అన్నీ ఒకచోటే నీళ్ళు తాగుతాయి. గుండు దానికి తగలదని ఏంటండి నమ్మకం?"

ఆయన నవ్వాడు. "చెల్లెమ్మా, పులుసు బ్రహ్మాండంగా ఉంది. ఆ సంగతి మీరు చూసుకోండి. అడవి సంగతి మేం చూసుకుంటాం."

ఆయనతో వచ్చినవాళ్ళందరూ నవ్వారు. తరువాత బాబాయి పొయ్యి దగ్గరికి వచ్చి, "అక్కా, దణ్ణం పెడతాను. ఆయన వెళ్ళేదాకా నోరు మూసుకో. నా పొట్ట మీద కొట్టకు" అన్నాడు. అత్త గిన్నె తోముతూనే ఉంది. ఒప్పుకుందనే బాబాయి అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

తెలతెలవారుతుండగా నన్ను లేపింది. ఒక చేతిలో ఇత్తడి పళ్ళెం, ఇంకో చేతిలో ఇనప అట్లకాడ. వేటగాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. మేం వాగుకి రెండో వైపు నుంచి, పొదల చాటున నడిచాం. మడుగు దగ్గర ఒక ఎత్తైన బండ మీదికి నన్ను ఎక్కించి, చెవిలో అడిగింది.

"నీకు అరవడం వచ్చా?"

"ఎలా అరవాలత్తా?"

"పిడుగు పడ్డట్టు. నేను కొట్టడం మొదలెట్టగానే. నేను ఆపేదాకా ఆపకు. ఏం జరిగినా బండ దిగకు."

మంచె మా ఎదురుగా ఆకుల్లో లీలగా కనిపిస్తోంది. అడవికోడి ఒకటి కూసింది. కాసేపటికి అవతలి పొదలు కదిలి, పెద్దది ముందు బయటికి వచ్చింది. గాలి వాసన చూసింది. దాని వెనకే మిగతావి. మంచె మీద ఏదో మెరిసింది.

అత్త లేచి నిలబడి పళ్ళెం మీద అట్లకాడతో కొట్టింది. ఆ చప్పుడు కొండకి తగిలి తిరిగొచ్చింది. నేను అరిచాను. మంద అంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది గాని, దూడ తల్లి తిరగలేదు. తల వంచి, ముక్కుతో బుసకొడుతూ మా వైపు నీళ్ళలోకి ఒక అడుగు వేసింది. అత్త బండ కింద, దానికి ఎదురుగా ఉంది. పారిపోతుందనుకున్నాను. అక్కడే నిలబడి ఇంకా గట్టిగా కొట్టింది. "పో తల్లీ! దాన్ని తీసుకుని పో!" అని అరుస్తోంది. ఆవిడ జుట్టు ముడి ఊడిపోయింది. ఆ దున్న ఒక్క క్షణం చూసి, విసురుగా తిరిగి, దూడని ముందు పెట్టుకుని వెదురు పొదల్లోకి దూసుకుపోయింది. అప్పుడు పేలింది తుపాకీ. మా తలల పైన ఎక్కడో ఆకులు రాలాయి. కొండముచ్చులు గోల గోలగా అరిచాయి. తరువాత నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

పెద్దమనిషి మంచె దిగి వాగు దాటి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. బాబాయి వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరి తిండి తింటూ ఎవరి పరువు తీస్తున్నావో తెలుస్తోందా నీకు?" అన్నాడు పెద్దమనిషి.

అత్త జుట్టు ముడేసుకుంటూ చెప్పింది. "నేను వండిందే తింటున్నానండి. మీరూ అదే తింటున్నారు."

బాబాయి ముందుకొచ్చి, "అక్కా, ఆయన కాళ్ళు పట్టుకో" అన్నాడు.

"నువ్వు పట్టుకున్నావుగా. చాల్లే" అని నన్ను బండ మీద నుంచి దింపింది.

ఆ మధ్యాహ్నం కూడా ఆవిడే వండింది. ఎప్పటిలాగే వరసగా విస్తళ్ళు వేసింది. పెద్దమనిషి రాలేదు. ఆయన మనుషులు రాలేదు. బాబాయి పాక గుమ్మంలో కూర్చుని మా వైపు చూడకుండా చూస్తున్నాడు. "నువ్వు కూర్చో" అని నాకు వడ్డించి, తనూ నా పక్కనే విస్తరి ముందు కూర్చుంది. అందరూ తిన్నాక చివర్లో, వంటింటి మూల గిన్నెలోనే కలుపుకుని తినే మనిషి ఆ రోజు ఇసుక తిన్నె మీద, అందరూ చూస్తుండగా, పప్పు, పులుసు, పెరుగు అన్నీ వేసుకుని తీరిగ్గా తింది. నేను విస్తరిలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. "తిను. మనం ఏ తప్పూ చెయ్యలేదు" అంది.

ఆ పనికి ఫలితం లేకపోలేదు. మరుసటి ఏడు కాంట్రాక్టు ఇంకొకరికి పోయింది. బాబాయి ఆ కొండలు వదిలి రావులపాలెం మార్కెట్టులో అరటి గెలల వ్యాపారంలోకి దిగాడు. అత్తతో చాలా ఏళ్ళు మాట్లాడలేదు. తమ్ముడికి క్షమాపణ చెబితేనే ఇంట్లో ఉండమన్నాడు మా నాన్న. ఆవిడ చెప్పలేదు. ఆత్రేయపురం వెళ్ళి, ఒక గది అద్దెకి తీసుకుని, కుండ మీద పూతరేకులు తీయడం నేర్చుకుంది. చివరిదాకా తన కష్టం మీదే బతికింది. వేళ్ళ చివర్లు కాలి గట్టిపడిపోయి ఉండేవి.

నాకు పెళ్ళయ్యాక ఒకసారి చూడ్డానికి వెళ్ళి, మనసులో చాలాకాలంగా ఉన్నది అడిగేశాను. "ఆ పెద్ద దున్నని ఆ తరువాత ఇంకెవరైనా కొట్టేసి ఉంటారేమో కదత్తా? అంత పోగొట్టుకున్నావు, ఏం మిగిలింది?"

ఆవిడ పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద లాగుతూ, "కొట్టేసి ఉండొచ్చే. నా కళ్ళ ముందు మాత్రం కాదు" అంది. రేకు చిరగకుండా తీసి పక్కన పెట్టింది.

ఇప్పుడు ఆవిడ లేదు. ఆ అడవి జాతీయ పార్కు అయింది. నీళ్ళు పెరిగి ఆ ఇసుక తిన్నె మునిగిపోయిందన్నారు. ఈమధ్య మా మనవరాలు పట్టుబట్టి నన్ను పాపికొండల బోటు ఎక్కించింది. కొండలు దగ్గర పడుతున్న చోట బోటు పైన పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి డాన్సు పాటలు మోగిస్తున్నారు. ఒడ్డున చెట్ల మీంచి పక్షులు గుంపులుగా లేచిపోతున్నాయి. నేను కర్ర పట్టుకుని మెట్లెక్కి, పాటలు పెడుతున్న కుర్రాడిని ఆపమన్నాను. "మామ్మగారూ, అన్ని బోట్లూ పెడతాయండి. మాదొక్కటి ఆపితే ఏం లాభమండి?" అన్నాడు.

"మిగతా బోట్లలో నేను లేనుగా బాబూ" అన్నాను. ఆపేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఆపాడు. డాన్సు చేస్తున్న వాళ్ళు సణుక్కున్నారు. ముసలాళ్ళని ఎందుకు తీసుకొస్తారో అని ఒకావిడ నాకు వినపడేలాగే అంది. మనవరాలు సిగ్గుపడి కిందకి వచ్చెయ్యమని చెయ్యి లాగింది. నేను ఆ మనుషుల మధ్యనే ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నాను. నలుగురికీ నచ్చని పని చేసి, ఆ నలుగురి మధ్యే స్థిమితంగా కూర్చోవడం నాకు మా మేనత్త నేర్పింది. తిరిగి రేవుకి వచ్చేదాకా వాళ్ళు సణుగుతూనే ఉన్నారు, నేను కొండలు చూస్తూనే ఉన్నాను.