దేవుడిచ్చిన రేడియో

రిపబ్లిక్ డే సోమవారం వచ్చింది. శని, ఆదివారాలు కలిపి మూడు రోజుల సెలవు. స్కూల్లో చరిత్ర చెబుతాను కాబట్టి, స్వాతంత్ర్యం తర్వాతి రాజకీయాల మీద ఓ లావుపాటి పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాను. ఏ పుస్తకమైనా, బైబిల్ వాక్యం చదివినట్టే, పెన్సిల్ పట్టుకుని చదవడం సండే స్కూల్లో అబ్బిన అలవాటు.

ఎమర్జెన్సీ అధ్యాయంలో పెన్సిల్ ఆగింది. కుటుంబ నియంత్రణ కేంపులకు మగవాళ్ళను లారీల్లో ఎక్కించుకుపోయేవారట. ఆపరేషన్ అయ్యాక కొన్నిచోట్ల నెయ్యి డబ్బా, కొన్నిచోట్ల ట్రాన్సిస్టర్ ఇచ్చేవారట.

ఆ రోజుల్లోనే సీతారాండేరా బస్తీలోని మా ఇంటికి ఎర్ర ట్రాన్సిస్టర్ వచ్చింది. నాన్న ఓ కాంట్రాక్టరు దగ్గర కూలీ. ‘దేవుడిచ్చాడు’ అని చర్చి సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. అందులో సువార్త కార్యక్రమం వినడానికి ఇరుగుపొరుగు వచ్చేవారు.

అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే. ఆరేళ్ళప్పటి నుంచి తమ్ముడి కోసం మోకరించాను. స్త్రీల సమాజం శుక్రవారాలు అమ్మకు మళ్ళీ కడుపు పండాలని ఉపవాస ప్రార్థన పెట్టేది. “నీలో ఒప్పుకోని పాపమేదో ఉందమ్మా” అని ఓ పెద్దామె అందరి ముందూ అంది. అమ్మ తలవంచుకుని ఆమెన్ అంది. పన్నెండేళ్ళకు, నాకే ఆవగింజంత విశ్వాసం లేదని తేల్చుకున్నాను. యాభై దాటినా, ఏ ప్రార్థన ఫలించకపోయినా తప్పు నాదే అనుకుంటూ వచ్చాను.

సోమవారం స్కూల్లో జెండా వందనం అయ్యాక జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చాను. అమ్మ ఎండలో కూర్చుని ఉంది.

“మూడ్రోజులై పుస్తకంలోంచి తలెత్తనేదు. ఏటే అందులో?”

“నాన్న రేడియో ఉందమ్మా.”

జిలేబీ ముక్క ఆమె చేతిలోనే ఉండిపోయింది.

“కేంపులో ఇచ్చిందేనా?”

“లారీ ఎక్కమన్నారు, ఎక్కేడు. దిగేసరికి సేతిలో రేడియో.”

“నీకు పాపం అంటగట్టినప్పుడైనా నోరిప్పలేదేం?”

“ఇప్పితే మీ నాన్న సంఘంలో తలెత్తుకు తిరగ్గలడా? నన్నంటే అన్నారు, పోనీ.”

“మరి నేనో? రోజూ మోకాళ్ళ మీద...”

అమ్మ ముక్కను పొట్లంలో పెట్టేసింది.

“నువ్వలా అడుగుతుంటే మీ నాన్న బయటికెల్లిపోయీవోడు. మన గుంటకి నిజం సెప్పేద్దామన్నాడు ఓపాలి. నేనే వద్దన్నాను. నువ్వు పార్దన మానేత్తే, ఎందుకు మానేసిందని అందరూ అడగరేటే?”

నాన్న పోయి పదేళ్ళయింది. ఆయన్ను లారీ ఎక్కించినవాళ్ళ గురించి పుస్తకంలో ముప్పై పేజీలున్నాయి. ఆ రహస్యానికి అమ్మానాన్నలు ఓ ఆరేళ్ళ పిల్ల మోకాళ్ళను గడియగా వేశారని మాత్రం ఎక్కడా లేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ, ఎప్పటిలాగే, “పార్దన సెయ్యవే” అంది అమ్మ.

మోకరించాను. దేవుడి మీద నాకు కోపం లేదు. చెయ్యని తప్పుకు ఇన్నేళ్ళూ ఆయన్ను క్షమాపణ అడిగాను, అంతే. పక్కన అమ్మ కళ్ళు మూసుకుని ఆమెన్ అనడానికి కాచుకుని ఉంది.

నేను నోరు తెరవలేదు.