మేస్త్రికి గిట్టని మనిషి

ఆ పేటలో ఆయన్ని చూసి మొరగని కుక్క లేదు. వల విసిరి వీధికుక్కల్ని పట్టుకోవడం, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం, గుర్తుకి చెవి కొస కత్తిరించాక ఎక్కడివాటిని అక్కడే దింపి రావడం ఆయన ఉద్యోగం. అందరూ వలాయన అంటారు. కుక్కలు ఏమంటాయో వేరే చెప్పక్కర్లేదు.

"మంచి చేశాను కదా అని అవి నాకు దండలేస్తాయా?" అంటాడు. మొరుగుడు వినకపోతే ఆయనకి ఆ పూట పనికి వెళ్ళినట్టే ఉండదు.

ఆయన భార్య ఇంటి ముందుగదిలో మిషను కుడుతుంది. ఆ గుమ్మంలో గోధుమరంగు కుక్క ఒకటి పడుకుంటుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళని ఎగాదిగా చూసి గాని లోపలికి వదలదు కాబట్టి దాన్ని మేస్త్రి అంటారు. ఎవరినీ పల్లెత్తు మాట అనదు, ఇంటాయన్ని తప్ప. దాని చెవి కొస పోయింది ఆయన చేతిలోనే. సాయంత్రం ఆయన కుక్కల బండి మలుపు తిరిగిందంటే చాలు, ఎదురెళ్ళి, ఇంటిదాకా వెంటపడి తిట్టి, అప్పుడు వచ్చి పడుకునేది.

వానలు వెనకపట్టాక మేస్త్రి సగం దారిలో ఆగి దగ్గడం మొదలుపెట్టింది. ఒకరోజు అసలు లేవలేదు. వలాయన ఇంట్లోకి వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా నిలబడ్డాడు.

"మీ మేస్త్రికి ఒంట్లో బాగాలేదు."

"మీకెలా తెలుసు?"

"నన్నేమీ అనలేదు."

మర్నాడు ఆవిడే దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రక్తం తీసి చూసి, గుండెలో పురుగులున్నాయంది.

"ఈమధ్య మురుగుకాలవ పక్క వీధుల నుంచి మీ ఆయన తెస్తున్న కుక్కల్లో చాలావాటికి ఇదే. జబ్బు కుక్కని కుట్టిన దోమ ఇంకోదాన్ని కుడుతుంది, పురుగు పిల్లలు ఆ దారిన లోపలికి చేరతాయి. పెరిగి గుండెలో, ఊపిరితిత్తులకి వెళ్ళే రక్తనాళాల్లో కాపురం పెడతాయి. చూడ్డానికి తెల్లదారం ముక్కల్లా ఉంటాయి."

దారం మాట వినగానే ఆవిడ తన చీరకి అంటుకుని ఉన్న పోగుల్ని దులుపుకుంది.

మందు ఉంది. కాకపోతే చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల్లో అడ్డం పడకుండా చూసుకోవాలి. ఇంజెక్షన్లు పూర్తయ్యేదాకా, ఆ తర్వాత ఇంకొన్నాళ్ళూ కుక్క పరిగెత్తకూడదు, ఎగరకూడదు, రెచ్చిపోకూడదు. రెచ్చిపోతే ప్రాణానికే ముప్పు.

మేస్త్రిని ముందుగదిలో మిషను పక్కనే కట్టేశారు. మొదటి ఇంజెక్షన్ అయిన సాయంత్రం వలాయన బండిని ఆసుపత్రిలోనే వదిలి, చప్పుడు కాకుండా నడిచొచ్చి, రోగిని పలకరిద్దామని మెల్లగా తలుపు తీశాడు. బండి గురించి ఆలోచించాడు గాని ఒంటిమీది చొక్కా సంగతి మరిచిపోయాడు. ఆ పూట పట్టిన కుక్కలన్నిటి వాసనా దానిమీదే ఉంది. మేస్త్రి ఒక్క ఉదుటున లేచి, తాడు తెంపుకునేంత పని చేసి, దగ్గి దగ్గి పక్కకి ఒరిగిపోయింది. ఆవిడ దాని తల పట్టుకుని మొగుడి వైపు చూసింది. ఆయన వెనక్కి వెనక్కి నడిచి వీధిలో పడ్డాడు.

మేస్త్రి తేరుకుంది. డాక్టరమ్మ మాత్రం గట్టిగానే చెప్పింది.

"దానికి గిట్టనివాళ్ళెవరూ కంటపడకూడదు."

"వీధిలో దానికి గిట్టనివాళ్ళెవరూ లేరమ్మా" అన్నాడు వలాయన.

"మీ ఇంట్లో అద్దం లేదా?"

ఆవిధంగా వలాయన బట్టల సంచీ పట్టుకుని, పక్క వీధిలో సైకిళ్ళు బాగుచేసే బామ్మర్ది ఇంట్లో దిగాడు.

"కుక్కని ఇంట్లో పెట్టి మొగుణ్ణి వీధిలోకి తోలింది మా అక్కొక్కతే" అన్నాడు బామ్మర్ది.

"నీకు పుణ్యం ఉంటుంది, చాప వెయ్యరా."

చాపతో అయిపోలేదు. కాలవ పక్క కుక్కలకి నెలనెలా మాత్ర వేస్తే దోమలు ఎక్కించిన పురుగు పిల్లలు ఎదగకుండానే చస్తాయని డాక్టరమ్మ మాత్రలిచ్చింది. వలాయన రొట్టెముక్కలో మాత్ర పెట్టుకుని వెళ్తే వీధి వీధంతా ఖాళీ అయిపోయింది. కాబట్టి ఆ పని కూడా బామ్మర్దికే తగులుకుంది. వలాయన మలుపు వెనక గోడచాటున నిలబడి, ఏ కుక్క మింగిందో, ఏది మాత్ర ఉమ్మేసిందో కేకేసి చెప్పేవాడు.

"అక్క సొమ్ము దక్కకపోయినా, బావ శత్రువులంతా నాకు చుట్టాలయ్యారు" అని బామ్మర్ది తోక ఊపే గుంపుని వెంటేసుకుని వచ్చేవాడు.

సాయంత్రాలు భార్య క్యారేజీ తెచ్చేది. ఇద్దరూ సైకిలు చక్రాల మధ్య కూర్చుని తినేవాళ్ళు.

"పెళ్ళైన కొత్తలో కూడా నా కోసం ఇలా ఎదురు చూడలేదు మీరు."

"అప్పుడు ఇంట్లోనే ఉన్నాను కదా. దగ్గు ఎలా ఉంది?"

"ఎవరికి, నాకా?"

"నీకెందుకొస్తుంది దగ్గు?"

"అదీ సంగతి" అనేది ఆవిడ, రెండో గిన్నె మూత తీస్తూ.

ఆఖరి ఇంజెక్షన్ అయింది. కదలకుండా ఉండాల్సిన రోజులూ గడిచాయి. డాక్టరమ్మ గొట్టం పెట్టి గుండె విని, రక్తం మళ్ళీ చూసి, ఇక వదలొచ్చంది. ముందు నడిపించి, తర్వాత కొంచెం కొంచెంగా పరిగెత్తించమంది. భార్య అలాగే చేసింది. అంతా సరిపోయాకే మొగుడికి కబురు పెట్టింది: ఇవాళ బండిలోనే రండి.

వలాయన ఉతికిన చొక్కా తొడుక్కోబోయి, ఆగి, పనిచొక్కానే వేసుకున్నాడు. మలుపు దగ్గర బండి వేగం తగ్గించాడు. గుమ్మంలో మేస్త్రి తలెత్తింది. లేచింది. ఒళ్ళు దులుపుకుంది. తర్వాత, ఇన్నాళ్ళ బాకీ కలిపి తీర్చుకుంటున్నట్టు, ఎదురొచ్చి, వెనక్కి తిరిగి, బండి వెనకాలే ఇంటిదాకా ఊపిరి తిప్పుకోకుండా మొరిగింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఆయన బండి ఆపి, అది అలిసిపోయేదాకా సీట్లోనే కూర్చుని విన్నాడు.

"చాల్లెండి, దిగండి" అంది భార్య గుమ్మంలోంచి.

"ఉండవే, చెప్పుకోనీ" అన్నాడాయన.