పాలూ, అరటిపండూ

ఖతార్ వచ్చి అల్ దోహా అల్ జదీదాలో కాపురం పెట్టిన కొత్తలో, నా పిత్తాశయంలో రాళ్ళున్నాయని ఆపరేషన్ చేయాలన్నారు. "ఆ రోజు పొద్దున ఏమీ తినకూడదట," అన్నారు మావారు. శనివారాలు ఉపవాసం ఉండేదాన్ని, నాకదో లెక్కా అనుకున్నాను.

ఆసుపత్రిలో మలయాళీ నర్సు ఇంగ్లీషులో ఏదో అడిగితే, అర్థం కాకపోయినా అలవాటుగా "యెస్, యెస్" అంటూ తలూపాను. ఆవిడ వదల్లేదు. "యెస్ నహీ దీదీ. సుబహ్ సే క్యా కియా, దిఖావో," అంటూ పొద్దున్నుంచీ ఏం చేశానో చేసి చూపించమంది. గ్లాసెత్తి పాలు తాగినట్టు, అరటిపండు ఒలుచుకు తిన్నట్టు చూపించాను. ఉపవాసం రోజు పాలూ పండూ మా ఇంట్లో తిండి కిందికి రావు మరి.

ఆవిడ మొహం పాలిపోయింది. ఆపరేషన్ వాయిదా పడింది. మావారి ముందు సిగ్గుతో తలెత్తలేకపోయాను. మత్తులో ఉండగా కడుపులోవి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని ఆవిడ హిందీలో నెమ్మదిగా చెప్పి, అదంతా నాచేత మళ్ళీ చెప్పించుకుంది.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఆవిడే ఎదురొచ్చి, "దిఖావో దీదీ," అంది. ఖాళీ చేతులు రెండూ చాపాను. వాటిని పట్టుకుని నవ్వేసింది.

శనివారం ఉపవాసం ఇప్పటికీ మానలేదు. పాలగ్లాసు ఎత్తే ముందు దేవుడితోపాటు, నా తలూపుడు నమ్మని ఆవిడకీ ఓ దండం పెట్టుకుంటాను.