అత్త కుట్టిన లెన్సు సంచులు

మా అమ్మాయి కొత్త కెమెరాకని తెప్పించుకున్న బ్యాగును మొన్న విప్పి చూపించింది. లోపల మెత్తని అరలు, ఏ లెన్సుకు ఆ లెన్సు తగ్గట్టు జరుపుకునే అడ్డుగోడలు. బాగుందమ్మా అన్నాను గానీ, నా మనసు ఎనభైల నాటి, హౌరా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో కుట్టుమిషను ముందు కూర్చున్న మా అత్త దగ్గరికి వెళ్ళిపోయింది.

మావయ్య రైల్వేలో పనిచేస్తూ, సెలవు రోజుల్లో అక్కడి మన తెలుగువాళ్ళ చర్చి పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాడు. ఇరవై రెండేళ్ళ వయసులో నేను ఆయన దగ్గర ఆ పని నేర్చుకుంటున్నాను. అత్త మెటియాబ్రుజ్ దర్జీల పేటలో మిగిలిపోయిన పూల గుడ్డ ముక్కలు తెచ్చి, మధ్యలో పాత కంబళి పొర పెట్టి, మూడు లెన్సులకు మూడు సంచులు కుట్టింది. ఒకదానికి ఒక బొత్తాం, ఇంకోదానికి రెండు, పొడుగు లెన్సు సంచికి మూడు. చర్చి మసక వెలుతురులో మావయ్య వేళ్ళతో తడిమి కావలసినది తీసుకునేవాడు. ఆ ఊరి చెమ్మకు గాజు మీద బూజు పడుతుందని అత్త వారం వారం ఆ సంచుల్ని ఉతికి ఎండలో ఆరవేసేది. కెమెరా ఎన్నడూ చేతపట్టని మనిషికి అంత ఆలోచన ఎలా వచ్చిందా అని ఇప్పుడు ఆశ్చర్యపోతాను. అప్పుడు మాత్రం ఆ పూలు చూసి సిగ్గుపడేవాణ్ణి.

ఒకసారి మావయ్యకు డ్యూటీ పడి, పెళ్ళికి నన్నొక్కణ్ణే పంపాడు. అక్కడికొచ్చిన బెంగాలీ ఫొటోగ్రాఫరు నా సంచి చూసి, "ఏం దాదా, లెన్సుకి గౌను కుట్టించారా?" అని నలుగురిలో నవ్వాడు. తిరిగి వచ్చేటప్పుడు పొడుగు లెన్సును బ్యాగులో ఫ్లాషు పక్కనే పడేసి, సంచిని మడిచి జేబులో కుక్కుకున్నాను. ఆ లెన్సు మూత వదులు. సంచి బిగువే దాన్ని పట్టి ఉంచేది. ఎర్రజెండాల ఊరేగింపుకు వంతెన మీద బస్సులు నిలిచిపోతే, దిగి హౌరా స్టేషనుకు పరుగెత్తాను. ఇంటికొచ్చి చూస్తే మూత ఊడిపోయి ఉంది, ముందు గాజు మీద ఫ్లాషు ఇనుప అంచు గీసిన లోతైన గీత. గబగబా లెన్సును మళ్ళీ సంచిలో దూర్చాను.

పాస్టరుగారు ఫొటోలవాళ్ళను ముందుకు రానివ్వరు. వెనక బెంచీల నుంచి ఉంగరాలు తొడగడం తీయాలంటే మావయ్యకు ఆ ఒక్క లెన్సే దిక్కు. "ఏటైందిరా?" అని ఆయన గీత చూసి అడిగితే, సంచి పల్చగా ఉంది, లోపల ఒరుసుకుపోయింది అన్నాను.

"నీ గుడ్డ పీలికల్ని నమ్ముకున్నాను సూడు, నాది బుద్ధి తక్కువ," అన్నాడాయన అత్తతో.

"పోన్లెండి, ఈపాలి రెండు పొరలేస్తాను," అంది అత్త.

ఆ వారమంతా కూర్చుని మూడు సంచులూ విప్పి కుట్టింది. వాటిని నాకిస్తూ లెన్సు మూత కూడా చేతిలో పెట్టింది. "ఇది బేగు అడుగున దొరికింది అల్లుడా. సంచికి బొత్తాలెట్టుంటే ఇది బయటికెలా వస్తాది? మీ మావయ్యకి నువ్వే సెప్పు, నేను సెప్పను."

ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇంకో లెన్సు దొరికేదాకా మావయ్య చర్చి పెళ్ళిళ్ళు మానుకున్నాడు.

అత్త చనిపోయాక ఏడాదికి గానీ జరిగింది చెప్పడానికి నాకు నోరు రాలేదు. మావయ్య కోప్పడలేదు. "అది బతికుండగా సెప్పుంటే, తప్పైపోయిందే అని ఒక్క మాటైనా అనేవోణ్ణి కదరా," అన్నాడు.

ఇప్పుడు లెన్సుకు గీత పడితే ఇంకోటి వస్తుంది. ఎలా పడిందని అడిగేవాళ్ళూ లేరు, తప్పు తమ మీద వేసుకుని ఊరుకునేవాళ్ళూ లేరు. మా కాలంలో ఇంట్లో ఏది పాడైనా ఎవరో ఒకరు మాట పడేవారు. ఆ రోజు ఆ మాట పడవలసింది నేను.