జరీ గుడ్డ, మొలతాడు

బిర్యానీలో లవంగం పంటికింద పడితే అందరూ మొహం చిట్లిస్తారు, నాకు మాత్రం చిన్నప్పుడు మేమున్న బిషాన్‌లో మా పక్క ఫ్లాటు మక్చిక్ బీరువా గుర్తొచ్చి నవ్వొస్తుంది. మక్చిక్ అంటే మలయ్‌లో పిన్ని. పండగకి ఆవిడ ఇంటి నుంచి కొబ్బరిపాలలో ఉడికిన మాంసం వస్తే, వట్టి గిన్నె తిప్పి పంపితే పరువు పోతుందని మా అమ్మమ్మ అదే గిన్నె నిండా అరిసెలు సర్ది పంపేది. అమ్మమ్మ మలేసియా రబ్బరు తోటలో పుట్టిన మనిషి, మలయ్ ధారాళంగా మాట్లాడేది.

నా ఎనిమిదో ఏట బడిలో మలయ్ నాట్యానికి ముందు వరసలో నిలబెట్టారు. పైజామా మీద నడుముకి జరీ గుడ్డ చుట్టుకోవాలి. ముందటేడు ఒకడి గుడ్డ వేదిక మీదే జారిపోయి, ఏడాదంతా వాడికి బడిలో మొహం చెల్లలేదు. అందుకని వారం ముందు నుంచే నేను తువ్వాలు నడుముకి చుట్టుకుని ఎగిరి చూసుకునేవాణ్ణి. మక్చిక్ మాత్రం బీరువాలో లవంగాల మధ్య దాచిన తన భర్త పెళ్ళినాటి గుడ్డ, వాళ్ళమ్మ మగ్గం మీద నేసినది, రెండో ఆలోచన లేకుండా తీసిచ్చింది.

ఆ పొద్దున అమ్మమ్మ దాన్ని పంచెలా కుచ్చిళ్ళు పోసి, చీలమండల దాకా దించి కట్టి, నన్ను వరండాలోకి తోలింది. మక్చిక్ చూసి గోడ పట్టుకుని నవ్వింది. మోకాలి కిందికి కట్టుకునేది పెళ్ళయినవాళ్ళట. తనకి భోజనమైనా పెట్టకుండా మనవడి పెళ్ళి ఎప్పుడు చేశావని అమ్మమ్మని నిలదీసింది.

"ఇంత మంచి గుడ్డ మోకాల్లకాడ ఆపేస్తే, గుడ్డ సాల్లేదనుకోరేటి?" అని అమ్మమ్మ తెలుగులోనే గొణిగింది.

మక్చిక్ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కురచగా మళ్ళీ చుట్టి, ముడి వేయకుండా అంచు మడిచి దోపి వదిలేసింది. ముడి లేని కట్టు మీద అమ్మమ్మకి నమ్మకం లేదు, నాకు అసలే లేదు. అప్పుడు అమ్మమ్మ నా నల్ల మొలతాడు పైజామా పైకి లాగి, జరీ అంచుని దాని కిందికి దూర్చి రెండు మెలికలు తిప్పింది. మక్చిక్ గుంజి చూసి, ఈ కిటుకు తనకీ నేర్పమంది.

ఆ రోజు నేను ఎగిరినంత ఎవరూ ఎగరలేదు. గుడ్డ అంగుళం కదల్లేదు. ఆ ఘనత ఎవరిదన్న తగువు మాత్రం ఆ ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి నడిచింది, అరిసెలు తింటూనే.

ఇద్దరూ ఇప్పుడు లేరు. మొన్న సెరంగూన్ మాల్‌లో మా వాడి బడి నాట్యానికి అలాంటిదే కొన్నాను, వెనక అతుక్కునే పట్టీతో. నాట్యం రోజు పొద్దున కట్టడానికి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"నో నీడ్ లా, నాన్నా," అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో అనేసి, వాడే చటుక్కున అతికించుకుని బస్సుకి పరిగెత్తాడు. చాచిన చేతులతో అలాగే ఉండిపోయాను. నా కొడుకు నడుము ఎంతుంటుందో నా చేతులకి తెలియదు.