అతకడానికి మిగిల్చిన మూరెడు

నా చిన్నప్పుడు చిక్కపేట చీరల బజారుకు దూరంగా ఒక సందులో మాకు రెండు పట్టు మగ్గాలుండేవి. తొంభైల మొదట్లో పట్టు ఇచ్చే సేటుకు బాకీ పడ్డాం. దీపావళిలోగా తీర్చకపోతే మగ్గాలు పట్టుకుపోతానన్నాడాయన. దేశం కూడా అప్పుల్లో ఉందని, సర్కారు ఖర్చులు కోస్తోందని అప్పట్లో రోజూ పేపర్లో వచ్చేది. మా చిన్నాయన అది గట్టిగా చదివి, ఇంట్లోనూ కోతలు మొదలుపెట్టాడు. మంచివాడే, కానీ నేత కన్నా బేరం తెలిసినవాడు. కత్తెర చేతికొస్తే ఆగేవాడు కాదు.

మగ్గం మీది నిలువు దారాల పడుగు అయిపోయినప్పుడు చివరి మూరెడు దారాలు నేయకుండా మగ్గంలోనే వదిలేస్తారు. వేళ్లకు బూడిద రాసుకుని, కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా వాటికి మెలేసి అతుకుతారు. చిన్నాయనకు ఆ మూరెడు దండగనిపించింది.

"అంత పట్టు సుమ్నె, ఊరికే పడుండాది నాయనా. కోసి అమ్మితే వడ్డీకన్నా వస్తాది" అన్నాడు.

మా తాతయ్య, "ఒక మగ్గం నీ ఇష్టమప్పా. రెండోది నాకిడువు" అన్నాడు.

ఆ రోజు నుంచి తాతయ్య కూడా కోతలు పెట్టాడు, తన మీదే. ఆకూవక్కా మానేశాడు. చిక్కపేటకు ఆటో ఎక్కకుండా చీరల మూట భుజాన వేసుకుని నడిచాడు. అవ్వ ఊరుకోక సణిగింది గానీ ఆయన వింటేనా!

కొత్త పడుగు వచ్చింది. తాతయ్య మగ్గం మర్నాటికే టకటకలాడింది. చిన్నాయన మగ్గంలో మూరెడూ కోసి అమ్మేయడంతో అతకడానికేమీ లేదు. వేల దారాలను సన్నని కన్నాల గుండా మొదటి నుంచీ ఎక్కించాలి. రోజులు గడిచినా అది మూగగానే ఉంది. చిన్నాయన ముఖం చూస్తే నాకు జాలేసింది. తాతయ్య పక్కన పీట వేసుకుని తనూ దారాలు అందించాడు. అంత పెద్ద మనసు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

"అయితే సర్కారు ఖర్చు కొయ్యకూడదంటావా?" అని చిన్నాయనే అడిగాడు.

"కొయ్యాలప్పా, ఎందుకొద్దు? అప్పు అప్పే. నా ఆకూవక్కా కోసుకోలేదా? రేపు అతుక్కునేదానికి మాత్రం మూరెడు ఇడిసిపెట్టి కొయ్యాల."

తాతయ్య మగ్గం మీద దిగిన చీరలే సేటును ఊరుకోబెట్టాయి. మగ్గాలు మాకు దక్కాయి.

ఆ ఏడే మా సర్కారు బడిలో రిటైరైన టీచరమ్మ స్థానంలో ఇంకెవరినీ వేయలేదు. ఖర్చు తగ్గించమన్నారట. మా క్లాసును పెద్దపిల్లలతో కలిపి కూర్చోబెట్టారు. చదువు సాగక నా పక్కన కూర్చునే పిల్లను వాళ్లమ్మ అగరబత్తీలు చుట్టే పనికి పంపింది. కొన్నేళ్లకు ఆ స్థానంలోకి కొత్త టీచరు వచ్చింది. ఆ పిల్ల మాత్రం రాలేదు.

ఇప్పుడు టీవీలో పెద్దలు దేశం అప్పు గురించి వాదించుకుంటుంటే, ఎంత కోశారన్నది నా చెవికెక్కదు. ఆ పిల్ల కూర్చున్న చోటే కళ్ల ముందుకొస్తుంది.